మృగం పసిగట్టకుండా: వేట బట్టలు ఎంచుకోవడం, ఉతకడం, తొడుక్కోవడం ఎలా

‘పసిగట్టడం’ అనే మాటను ఇప్పుడు ఎవరి ఎత్తుగడనో ముందే కనిపెట్టడానికి వాడుతున్నాం గానీ, ఆ మాట పుట్టింది ముక్కు దగ్గర. పసి అంటే వాసన. గాలిలో తేలివచ్చిన వాసనను పట్టుకోవడమే పసిగట్టడం. అడవిలో ఆ పని మనకంటే మృగానికే బాగా తెలుసు. మీరు చప్పుడు లేకుండా రెండు గంటలు మాటులో కూర్చోవచ్చు, పొదల రంగులో కలిసిపోయే బట్టలు వేసుకోవచ్చు. నలభై అడుగుల దూరంలోకి వచ్చిన జింక ఉన్నట్టుండి ఆగి, నాలుకతో ముక్కు తడుపుకొని, తల పైకీ కిందకీ ఆడించి, ముందు కాలితో నేలను ‘టప్’మని తన్నిందంటే ఆ పూటకి మీ పని అయిపోయినట్టే.

చట్టం ఒప్పుకున్న చోట, ఒప్పుకున్న కాలంలో, లైసెన్సుతో వేటాడేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. తుపాకీకి బదులు కెమెరాతో మాటు వేసేవాళ్ళు ఇందులో ఒక్క ముక్క కూడా మార్చుకోనక్కర్లేదు.

ముందే ఒక మాట చెప్పుకుందాం. ఏ బట్టా మీ వాసనను పూర్తిగా చెరిపేయదు. వాసనలను గుర్తించే జన్యువులు పనిచేసే స్థితిలో మనిషికి దాదాపు 400 ఉంటే, కుక్కకు 800 దాకా, పందికి 1,100కు పైగా ఉన్నాయి. వాసన పీల్చుకుంటుందని చెప్పే దుస్తులు తొడిగిన మనుషులను వెతికించి చూసిన పరిశోధన ఒకటి అమెరికాలో 2002లో వచ్చింది. శిక్షణ పొందిన కుక్కలకు ఆ దుస్తులు పెద్ద అడ్డంకి కాలేదు, గాలీ వాతావరణమే వాటి పనిని ఎక్కువగా ప్రభావితం చేశాయి. మరి బట్టల గురించి ఇంత తాపత్రయం ఎందుకంటారా? గాలి ఒక్క క్షణం అటు తిరిగినప్పుడు మీ నుంచి వెళ్ళే వాసన ఎంత పలచగా ఉంటే, మృగం ‘ఇక్కడే ఉన్నాడు’ అనుకోకుండా ‘ఎప్పుడో ఎవరో వెళ్ళారు’ అనుకునే అవకాశం అంత ఎక్కువ. మనకు కావలసింది ఆ కాస్త వెసులుబాటే.

ఇంకో సంగతి. చాలామంది వాసనకు విరుగుడు స్ప్రే సీసాల్లో వెతుకుతారు. నా లెక్కలో మాత్రం సగం మందు ఉతుకులో ఉంది, సగం నడకలో ఉంది. చెమట పట్టకుండా మాటు దాకా చేరడమే అసలు విద్య. బట్టలు ఎంచుకోవలసింది ఆ పనికోసమే.

కంపు ఎక్కడ పుడుతుందో తెలుసుకోండి

అప్పుడే పట్టిన చెమటకు దాదాపు వాసన ఉండదు. ఒళ్ళంతా ఉండే మామూలు చెమట గ్రంథులు వదిలేది చాలావరకు ఉప్పునీరే. చంకల్లో, గజ్జల్లో ఉండే మరో రకం గ్రంథులు కొవ్వులూ ప్రొటీన్లూ కలిసిన చిక్కటి ద్రవాన్ని వదులుతాయి. దాన్ని చర్మం మీది బ్యాక్టీరియా తిని, ఘాటైన ఆమ్లాలుగా, గంధకం కలిసిన పదార్థాలుగా మారుస్తుంది. మనకు తెలిసిన చెమట కంపు అదే. పాదాల వాసన దారి వేరు. అక్కడ బూటులో బందీ అయిన తేమలో బ్యాక్టీరియా వర్ధిల్లి, పాత జున్ను వాసన వేసే ఆమ్లాన్ని తయారుచేస్తుంది.

అంటే చెమటకీ కంపుకీ మధ్య కొంత వ్యవధి ఉంది. తెల్లవారుజామున పట్టిన చెమట ఎండిపోకుండా, మారిపోకుండా ఒంటిమీదే ఉండిపోతే, మృగాలు కదిలే వేళకు మీరు పక్వానికి వస్తారు.

ఒంటికి తగిలే పొర: ఇక్కడే డబ్బు పెట్టండి

పైన వేసుకునే జాకెట్ మీద పెట్టే ఖర్చులో సగం లోపలి పొర మీద పెట్టినా ఫలితం రెండింతలుంటుంది. వాసన పుట్టేది దాని కిందే, నిలిచేదీ దాని పోగుల్లోనే.

నా మొదటి ఓటు మెరీనో జాతి గొర్రెల ఉన్నికి. ఉన్ని అనగానే దురద గుర్తొస్తుంది కదా, మెరీనో పోగు మామూలు ఉన్ని కంటే బాగా సన్నం. 17 నుంచి 19 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రకం తీసుకుంటే బనియన్‌లాగే ఒంటికి అతుక్కుపోతుంది. ఉన్ని పోగు తన బరువులో మూడో వంతు దాకా తేమను లోపలికి తీసుకున్నా చేతికి తడి తగలదు. చెమటతోపాటు వాసన పదార్థాలను కూడా పోగు లోపలికి లాక్కుని, ఉతికేదాకా చాలావరకు అక్కడే పట్టి ఉంచుతుంది. మూడు రోజులు వరసగా వేసుకున్న మెరీనో చొక్కాను దండెం మీద ఒక రాత్రి గాలికి వదిలేస్తే, పొద్దున్నే మళ్ళీ వేసుకోవడానికి మొహమాటపడక్కర్లేదు. వెచ్చటి రోజులకు చదరపు మీటరుకు 150 గ్రాముల బట్ట చాలు, చలికి 250 దాకా వెళ్ళండి.

పాలిస్టర్‌ది ఇందుకు పూర్తిగా తిరగబడిన స్వభావం. అది నీటిని దాదాపు తాగదు, తన బరువులో అర శాతం కూడా కాదు. అందుకే తొందరగా ఆరుతుంది, ఆటలాడేవాళ్ళకి ముద్దొస్తుంది. నీటిని వద్దన్న ఆ పోగే నూనెను మాత్రం కావలించుకుంటుంది. చంకల దగ్గరి జిడ్డు దాని మీద పూతలా నిలిచిపోతే బ్యాక్టీరియాకి అదే విస్తరి. 2014లో బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 26 మందితో కసరత్తు చేయించి, వాళ్ళ చొక్కాలను మర్నాడు వాసన చూపించారు. నూలు చొక్కాల కంటే పాలిస్టర్ చొక్కాలే ఎక్కువ కంపుకొట్టాయని తేలింది. మైక్రోకోకస్ అనే బ్యాక్టీరియా పాలిస్టర్ మీద ప్రత్యేకంగా పెరిగిందని కూడా గమనించారు.

అలాగని పాలిస్టర్‌ను పారేయకండి. దాని పని నడకలో ఉంది, మాటులో లేదు. ఎలాగో కిందకి వచ్చాక చెబుతాను.

ఇక నూలు. వాసన విషయంలో పాలిస్టర్ కంటే మర్యాదస్తురాలే. ఎండాకాలం, పొడి నేలల్లో నిక్షేపంగా వేసుకోవచ్చు. చలిలో మాత్రం ముట్టుకోకండి. తడిసిన నూలు ఆరదు, వెచ్చదనం నిలపదు. గాలికంటే నీరు ఒంటి వేడిని పాతిక రెట్లు వేగంగా లాగేస్తుంది. మాటులో కదలకుండా కూర్చున్న మనిషికి తడి నూలు బనియను వాసనకంటే పెద్ద ప్రమాదం.

ఉన్నిలో కాస్త నైలాన్ కలిపిన నేత బట్టలు దొరుకుతాయి. ఉత్త మెరీనో పల్చగా ఉంటే భుజాల దగ్గర బ్యాగు రాపిడికి తొందరగా చిరుగుతుంది, ఈ మిశ్రమం కాస్త ఎక్కువ కాలం మన్నుతుంది. వాసనలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఒక్క చొక్కాతో ఆగిపోకండి, లోదుస్తులు కూడా ఉన్నివే తీసుకోండి. పైకి కనబడే చొక్కా మెరీనో, లోపల పదేళ్ళనాటి పాలిస్టర్ డ్రాయరు అంటే గజ్జల సంగతి గాలికొదిలేసినట్టే.

పాత బట్టలకు ఇస్త్రీ పరీక్ష

మీ బీరువాలో ఉన్నవాటిలో ఏది పనికొస్తుందో తేల్చడానికి కొత్తవి కొనక్కర్లేదు. ఉతికి ఆరేసిన చొక్కాను ముక్కు దగ్గర పెట్టుకుంటే శుభ్రంగానే అనిపిస్తుంది. అది మోసం. చంక కుట్టు దగ్గర, ఆ నాలుగు గుడ్డలు కలిసే మూలలో, మంచినీళ్ళు నాలుగు చుక్కలు చిలకరించండి. దాని మీద పల్చటి గుడ్డ వేసి, గోరువెచ్చటి ఇస్త్రీపెట్టెను ఐదు సెకన్లు ఆనించండి. గుడ్డ తీసి వెంటనే వాసన చూడండి. పాత పాలిస్టర్ అయితే అప్పటిదాకా నిద్రపోయిన చెమట ఆవిరితోపాటు లేచి ముక్కును గుద్దుతుంది. మీ ఒంటి వేడీ, ఒంటి తేమా కలిసి మాటులో చేసేది సరిగ్గా ఇదే, కాకపోతే కాస్త నిదానంగా.

నేను మొదటిసారి ఈ పరీక్ష చేసినప్పుడు, రెండేళ్ళుగా ‘అదృష్టం చొక్కా’ అనుకుంటూ వేసుకెళ్ళినదే అన్నిటికంటే ఘోరంగా తేలింది. అదృష్టం ఎవరిదో అప్పుడు అర్థమైంది.

పరీక్షలో తప్పిన బట్టను ఒకసారి నానబెట్టి చూడండి. రెండుసార్లు నానబెట్టినా తప్పితే దాన్ని తోటపనికి ఇచ్చేయండి.

నానబెట్టడం, ఉతకడం

వాసనలేని డిటర్జెంట్ వాడండి. ‘సువాసన తక్కువ’ అని రాసినది కాదు, ‘సువాసన కలపలేదు’ అని రాసినది. అందులో తెల్లదనం కోసం కలిపే మెరుపు రసాయనాలు కూడా లేకుండా చూసుకోండి. అవి కంటికి కనబడని అతినీల కాంతిని నీలి వెలుగుగా మారుస్తాయి. జింకలకు ఎరుపు నారింజ రంగులు సరిగా తెలియవు గానీ నీలం వైపు వెలుగు మనకంటే బాగా కనబడుతుంది. వాసన పోగొట్టబోయి మసకవెలుతురులో మెరిసే బట్ట తొడుక్కోవడం దేనికి?

ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ దగ్గరికి అసలు పోవద్దు. అది పోగు మీద జిడ్డుపూత వేస్తుంది. తేమను పీల్చే గుణం పోతుంది, పైగా దాని పరిమళం వారాల తరబడి వదలదు. ఇక్కడ చాలామంది మరిచిపోయేది వాషింగ్ మెషిన్‌ని. ఇంట్లో మిగతా బట్టలన్నిటికీ సాఫ్టెనర్ వాడుతుంటే సబ్బు వేసే అరలో, తలుపు రబ్బరు అంచు మడతల్లో అది పేరుకునే ఉంటుంది. వేట బట్టలు వేసేముందు అరను బయటికి లాగి కడిగి, రబ్బరు అంచు తుడిచి, మెషిన్‌ను వేడినీళ్ళతో ఒకసారి ఖాళీగా తిప్పండి. బకెట్లో చేత్తో ఉతికితే ఈ బాధ లేదు, నేను సగం సార్లు అదే చేస్తాను.

నూలు, పాలిస్టర్, నైలాన్ బట్టలను లోపలి పక్క బయటికి తిప్పండి. బకెట్ గోరువెచ్చటి నీళ్ళలో రెండు మూడు చెంచాల వంటసోడా కలిపి గంటసేపు నానబెట్టండి. చెమట కంపులో ఎక్కువ భాగం ఆమ్లాలే కాబట్టి క్షారంలో అవి లవణాలుగా మారి, గాలిలోకి లేవకుండా నీళ్ళతో పోతాయి. మొండి కంపుకి ఆక్సిజన్ బ్లీచ్ పొడి ఇంకా బాగా పనిచేస్తుంది, దానికి నీళ్ళు 40 డిగ్రీల పైన ఉండాలి. క్లోరిన్ బ్లీచ్ మాత్రం వద్దు, దాని వాసన దానిదే. కొందరు ఆఖరి జాడింపులో కాస్త తెల్ల వెనిగర్ వేస్తారు, వేయవచ్చు. సోడాతో కలిపి ఒకేసారి వేస్తే ఒకదాన్నొకటి చంపుకుని రెండూ వృథా అవుతాయి. వెనిగర్‌ను క్లోరిన్ బ్లీచ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది, ఆ పని పొరపాటున కూడా చేయకండి.

డిటర్జెంట్ ఎక్కువ వేస్తే ఎక్కువ శుభ్రం అనుకోవద్దు. జాడింపులో పోని సబ్బే జిడ్డుగా మిగిలి కొత్త వాసనను పట్టుకుంటుంది. చెప్పిన కొలతలో మూడొంతుల్లో రెండొంతులు వేసి, ఒక జాడింపు అదనంగా పెట్టండి.

ఉన్నికి ఈ మోటువైద్యం పనికిరాదు. 30 డిగ్రీలకు మించని నీళ్ళు, ఉన్నికోసమే చేసిన ద్రావణం. మామూలు డిటర్జెంట్లలో ప్రొటీన్ మరకలను తినే ఎంజైములు ఉంటాయి, ఉన్ని పోగు కూడా ప్రొటీనే కాబట్టి దాన్నీ కొరికేస్తాయి. ఆక్సిజన్ బ్లీచ్ కూడా వద్దు. మెలిపెట్టి పిండకుండా, తువ్వాలులో చుట్టి నొక్కి నీళ్ళు తీసి, పరిచి ఆరబెట్టండి.

ఆరేయడం, దాచడం

వంటింటి కిటికీకి, పొగకి, వాహనాలు నిలిపే చోటికి దూరంగా, గాలి ఆడే నీడలో ఆరేయండి. ఎండ వాసనను చంపుతుంది నిజమే, ఓ గంట ఎండ మంచిదే. రోజంతా పడితే రంగూ పోతుంది, ఉన్నీ నైలానూ రెండూ బలం కోల్పోతాయి.

ఆరాక గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టండి. కొత్త పెట్టెకి తన సొంత ప్లాస్టిక్ వాసన ఉంటుంది, ముందు కడిగి నాలుగు రోజులు మూత తీసి బయట ఉంచాలి. బట్టలో తడి ఇసుమంతైనా ఉండకూడదు. మూసిన పెట్టెలో తడి బట్ట వారానికల్లా ముక్కిపోతుంది, ఆ వాసన చెమటకంటే మొండిది. వేటాడే చోటినుంచి ఆకులు తెచ్చి పెట్టెలో వేసే అలవాటు కొందరికి ఉంది. వాటితోపాటు తేమనీ, పిడుదులనీ కూడా తెచ్చి మూతపెట్టుకుంటున్నారని నా అభిప్రాయం.

ఉన్నిని పురుగు కొట్టకుండా కలరా ఉండలు వేస్తే ఆ చొక్కా ఇక వేటకు పనికిరాదనుకోండి. పురుగు చెమట మరకలున్న ఉన్ని మీదికే ముందు వెళ్తుంది. ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, గట్టిగా మూత పెడితే ఉండల అవసరమే రాదు.

పిడుదుల మాట వచ్చింది కాబట్టి, వాటికోసం ఒంటికి పూసుకునే డీట్ మందులకు ఘాటు ఉంటుంది, పైగా స్పాండెక్స్ (సాగే గుడ్డ), రేయాన్ లాంటి బట్టలను పాడుచేస్తాయి. దానికి బదులు బట్టల మీద చల్లే 0.5 శాతం పెర్మెత్రిన్ అనే పురుగుమందు మేలు. ఆరుబయట పైబట్టల మీద, బూట్ల మీద చల్లి, పూర్తిగా ఆరనిస్తే మన ముక్కుకి వాసన తెలియదు. చర్మానికి పూసుకోకూడదు. పిల్లులకు అది విషం, ఆరేదాకా వాటిని దరిదాపులకి రానివ్వకండి.

వేటరోజు: చలేస్తూ బయల్దేరండి

అసలు పరీక్ష ఇక్కడ. ఉతికిన కష్టమంతా చాలామంది మొదటి అరగంట నడకలో పోగొట్టుకుంటారు.

వేట బట్టలు ఇంట్లో తొడుక్కోవద్దు. కారు సీటులో నిరుటి సిగరెట్లు, కుక్క, అత్తరు అన్నీ ఉంటాయి. దారిలో పెట్రోలు పోయించుకుంటారు, బంకు నేలమీద చిందిన చుక్కలు తొక్కుతారు. ఆ బూట్లతో అడవిలోకి నడిస్తే అడుగడుక్కీ సంతకం పెట్టినట్టే. మామూలు బట్టల్లో, మామూలు చెప్పుల్లో వెళ్ళి, దిగినచోట బయట నిలబడి మార్చుకోండి. కాళ్ళ కింద పరుచుకోవడానికి ఒక చిన్న పట్టా ఉంచుకుంటే సాక్సులకు మట్టి అంటదు.

ఇప్పుడు పాలిస్టర్ దగ్గరికి వద్దాం. నడకకి పల్చటి, శుభ్రమైన పాలిస్టర్ చొక్కా ఒక్కటే వేసుకోండి. మెరీనో చొక్కా, మధ్య పొర, జాకెట్ అన్నీ నీళ్ళు చొరబడని సంచిలో కట్టి వీపున వేసుకోండి. నిలబడినప్పుడు ‘అబ్బ, చలేస్తోందే’ అనిపించాలి. వెచ్చగా ఉందంటే ఒక పొర ఎక్కువైనట్టే. టోపీ తీసేయండి, మెడ దగ్గర జిప్ దించండి, చొక్కా చేతులు ముంజేతుల దాకా మడవండి.

మాటుకు చేరడానికి ఇరవై నిమిషాలు పడుతుందనుకుంటే నలభై పెట్టుకోండి. నుదుటి మీద తడి తగిలిందా, ఆగండి. ఊపిరి కుదుటపడ్డాక కదలండి. ఎత్తు ఎక్కాల్సి వస్తే సగంలో ఒకసారి, చేరేముందు ఒకసారి నిలబడండి. తొందరపడి చెమటతో చేరినవాడికంటే పది నిమిషాలు ఆలస్యంగా పొడి ఒంటితో చేరినవాడే మెరుగు.

చేరాక గబుక్కున అన్నీ తొడుక్కోకండి. పది నిమిషాలు అలాగే చల్లబడనివ్వండి. తర్వాత చొక్కా విప్పి, వాసనలేని తడి గుడ్డతో చంకలు, వీపు, మెడ తుడుచుకుని, పొడి మెరీనో తొడుక్కోండి. విప్పిన పాలిస్టర్ చొక్కాను జిప్ సంచిలో పెట్టి, గాలి తీసేసి, గట్టిగా మూయండి. చంకలో పుట్టిన కంపు మాటులో ఉండే మూడు గంటలూ ఆ సంచిలోనే పడి ఉంటుంది. మొత్తం ఈ మార్గంలో నాకు అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చిన పని ఈ ఒక్క చొక్కా మార్పే. చలిలో ఇది ఒంటికి కూడా రక్ష.

చెమట తగ్గించే మందు వాడేవాళ్ళు వాసన కలపనిది తీసుకుని ముందు రాత్రి పడుకునేముందు రాసుకోండి. అందులోని అల్యూమినియం లవణాలు ఒళ్ళు పొడిగా ఉన్నప్పుడే గ్రంథుల నోళ్ళను బాగా మూస్తాయి. పొద్దున్నే హడావుడిలో పూసుకుంటే సగం చెమటతోనే కొట్టుకుపోతుంది.

బూట్లు, టోపీ, బ్యాగు పట్టీలు

తోలు బూటు వాసనను తాగుతుంది. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూటు తాగదు, కడిగితే పోతుంది. ప్యాంటు అంచులు బూటు లోపలికి దోపుకుంటే, నడిచేటప్పుడు గడ్డికి గుడ్డ రాసుకోదు. దాని లోపం కూడా చెప్పాలి, రబ్బరులో కాలికి గాలాడదు. అందుకే మందపాటి ఉన్ని సాక్సులు రెండు జతలు. మాటులో జత మార్చండి. లోపలి అట్టలు ప్రతిసారీ బయటికి తీసి ఆరబెట్టండి. కొత్త రబ్బరు వాసన పోవడానికి బూట్లను వేటకాలానికి నెలరోజుల ముందే కడిగి ఆరుబయట పెట్టండి.

టోపీని ఎవరూ ఉతకరు. తల జిడ్డూ, నూనే, షాంపూ అన్నీ దాని లోపలి పట్టీలోనే ఉంటాయి. అది కూడా బకెట్లోకి పోవలసిందే.

బ్యాగు పట్టీలది ఇంకా అన్యాయం. ఒకసారి నా బట్టలన్నీ పద్ధతిగా ఉతుక్కుని కూడా వరసగా రెండు ఉదయాలు దొరికిపోయాను. మూడోరోజు బ్యాగు దించి పట్టీని ముక్కుకి ఆనించుకుంటే విషయం తెలిసింది. భుజం పట్టీ లోపలి జాలీ గుడ్డమీద ఉప్పు తెల్లటి గీతల్లా, చెరువు ఎండిన గట్టులా వరసలు కట్టి ఉంది. ఎన్నేళ్ళ చెమటో. అప్పటినుంచి బ్యాగును ఏటా రెండుసార్లు టబ్బులో ముంచుతున్నాను. తుపాకీ పట్టీ, దుర్భిణి పట్టీ కూడా అదే కోవ.

తోటి వేటగాళ్ళకు కనబడేలా నారింజ రంగు కోటు చాలాచోట్ల తప్పనిసరి. వాసన పేరు చెప్పి దాన్ని మానకండి, అది మీ ప్రాణం. ముందే అనుకున్నట్టు ఆ రంగు జింకకు ప్రత్యేకంగా కనబడదు. కాకపోతే ఏడాదంతా అది కారు డిక్కీలో టైరు పక్కన పడి ఉంటుంది, దాన్నీ ఉతకండి.

అమ్మేవాళ్ళు చెప్పేవి

యాక్టివేటెడ్ కార్బన్, అంటే వాసనలు పట్టేలా శుద్ధి చేసిన బొగ్గు, కలిపిన దుస్తుల వెనుక ఉన్న సూత్రం నిజమే. ఆ బొగ్గు గ్రాముకి వెయ్యి చదరపు మీటర్ల దాకా ఉపరితలం ఉంటుంది, వాసన అణువులు దానికి అంటుకుంటాయి. చిక్కల్లా అది నిండిపోవడంతోనే. ఇంట్లో డ్రయర్‌లో వేస్తే మళ్ళీ కొత్తదవుతుందంటారు గానీ, కర్మాగారాల్లో ఆ బొగ్గును పూర్తిగా శుద్ధి చేయడానికి వందల డిగ్రీల వేడి పెడతారు. డ్రయర్ ఇచ్చేది 60, 70 డిగ్రీలు. తేలికైనవి కొన్ని ఎగిరిపోతాయి, మిగతావి ఉంటాయి. లోపలి పొర, ఉతుకు, నడక మూడూ సరిచేసుకున్నాక డబ్బు మిగిలితే కొనండి.

వెండి కలిపిన సాక్సులు, బనియన్లు పనిచేస్తాయి. వెండి అయాన్లు బ్యాక్టీరియాను అణుస్తాయి. పైపూతగా వేసినదైతే ఉతుకులు పెరిగేకొద్దీ పలచబడుతుంది.

బట్టల వాసన పోగొట్టడానికి ఓజోన్ వాయువు వదిలే పెట్టెలు నాకు నచ్చవు. ఆ వాయువు ఊపిరితిత్తులకు చేటు, రబ్బరునూ సాగే పట్టీలనూ చిట్లిస్తుంది. దేవదారు, మట్టి, ఆకుల వాసన వేసే స్ప్రేలు కూడా అంతే. దేవదారు చెట్టే లేని అడవిలో దేవదారు వాసనొస్తే ఏ మృగమైనా చెవులు నిక్కబొడుచుకుంటుంది.

గాలికి లొంగి కూర్చోండి

ఇంత చేశాక కూడా గాలి మీ వీపునుంచి మృగం వైపు వీస్తే బట్టలేం చేయలేవు. ఊపిరిని కప్పే చొక్కా లేదు. చిన్న దూదిపింజను చిటికెతో వదిలి అది ఎటు తేలుతుందో చివరిదాకా చూడండి. చేతి దగ్గర ఒకవైపు వెళ్ళి, పది అడుగుల తర్వాత వెనక్కి తిరగడం కొండవాలుల్లో మామూలే. ఎండ పొడిచాక వాలు వేడెక్కి గాలి పైకి ఎగబాకుతుంది, పొద్దు వాలాక చల్లబడి కిందికి జారుతుంది. అందుకని పొద్దెక్కాక పైన, సాయంత్రం కింద కూర్చుంటే నయం. మధ్యలో గాలి నిలకడ తప్పే ఆ అరగంట ఉంటుంది చూడండి, మీరు ఉతికిన బట్టల విలువ తెలిసేది అప్పుడే.

తిరిగొచ్చాక

తడి బట్టలను సంచిలోనే రాత్రంతా వదిలేయకండి. జిప్ సంచిలోని పాలిస్టర్ చొక్కా ఇంటికి రాగానే బకెట్లో పడాలి. నెత్తురు మరకలుంటే చన్నీళ్ళే వాడండి, వేడినీళ్ళు తగిలితే మరక పోగుకి పట్టేస్తుంది. మెరీనోను తిరగేసి దండెం మీద వేయండి, మర్నాడు ఇస్త్రీ పరీక్షలో నిలిస్తే ఉతకక్కర్లేదు.

పెట్టెలో పెట్టేముందు జేబులన్నీ బయటికి లాగి చూడండి. పోయిన వేటకాలమంతా నా జాకెట్ ఎడమ జేబు మూలలో పుదీనా చూయింగ్‌గమ్ కాగితం ఒకటి, నలిగి ఉండై, హాయిగా నాతోపాటు మాటులో కూర్చుంది.